బొమ్మరిళ్ల కోసం లండన్: కెన్సింగ్టన్ సంత, విండ్సర్ కోట, బెత్నల్ గ్రీన్ మ్యూజియం

లండన్ వెళ్లేవాళ్లలో బొమ్మరిళ్ల కోసం వెళ్లేవాళ్లు తక్కువే ఉంటారు. నేనూ మా పిన్నీ మాత్రం అందుకే వెళ్లాం. కెన్సింగ్టన్ డాల్స్‌హౌస్ ఫెస్టివల్ పేరుతో అక్కడ ఒక సంత జరుగుతుంది. 1985లో మొదలైంది. బొమ్మరిళ్లలో పెట్టుకునే సామాను చేత్తో తయారుచేసేవాళ్లు ఇంగ్లండ్ నుంచీ, బయటి దేశాల నుంచీ వచ్చి బల్లలు వేసుకుంటారు. కుర్చీ, మంచం, గిన్నె, తివాచీ, పుస్తకం, దీపం, క్యాబేజీ... ఇంట్లో ఉండేది ఏదైనా సరే, అంగుళాల్లో దొరుకుతుంది. ఇది పిల్లల ఆటవస్తువుల అంగడి కాదు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ దాదాపు అందరూ పెద్దవాళ్లే. మంచి వస్తువు ఒక్కోదాని వెనక వారాల తరబడి చేసిన పని ఉంటుంది. ఆ పని చేసిన మనిషి బల్లకు అవతలే కూర్చుని ఉంటారు, అడిగితే ఎలా చేశారో చెబుతారు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్లినందుకు నాకు దక్కిన అసలు ప్రతిఫలం ఆ మాటలే.

ముందు కొలత సంగతి చెప్పాలి. సంతలో ఏ మాట మొదలుపెట్టినా దాని దగ్గరికే వస్తుంది. ఎక్కువమంది వాడేది 1:12. అసలు వస్తువులో అడుగు ఉన్నది ఇక్కడ అంగుళం. ఆరడుగుల బీరువా ఆరంగుళాలవుతుంది. అంతకంటే చిన్న ఇళ్లు కావాలనుకునేవాళ్లకు 1:24, 1:48 ఉన్నాయి. ఇక 1:144 ఉంది చూశారూ, అది బొమ్మరింట్లో పిల్లల గదిలో పెట్టే బొమ్మరిల్లు. పన్నెండో వంతులో మళ్లీ పన్నెండో వంతు. అలాంటి ఇల్లు ఒకటి అరచేతిలో పెట్టుకుని తలుపు తీసి చూపించింది ఒకావిడ. లోపల మెట్లున్నాయి, మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ ఉంది. కొలత ఏదైనా ఒక గదిలో ఉన్నవన్నీ ఒకే కొలతలో ఉండాలి. బల్ల మీద గ్లాసు ఒక్కటి పెద్దదైనా, గది మొత్తం మీద నమ్మకం పోతుంది.

నేను మొదట చాలాసేపు నిలబడిపోయింది కుర్చీలూ బీరువాలూ చేసే ఒక పెద్దాయన దగ్గర. పాతకాలపు ఓక్ బీరువా ఒకటి పెట్టాడు. రంగు, వయసు మీద పడ్డ కర్రకు ఉండే నలుపు, అన్నీ ఓక్‌లాగే ఉన్నాయి. ఏం కర్ర అని అడిగితే పేర్ (బేరిపండు) చెట్టుది అన్నాడు. వస్తువును ఎంతైనా చిన్నది చెయ్యొచ్చు గాని, చెట్టు పెరిగిన తీరును చిన్నది చెయ్యలేం కదా. ఓక్‌లో చారలు వెడల్పుగా ఉంటాయి, కర్రలో సన్నని రంధ్రాలూ కనిపిస్తాయి. అదే ఓక్‌తో ఆరంగుళాల బీరువా చేస్తే తలుపు మీద రెండు మూడు మోటు చారలు తప్ప ఇంకేమీ కనబడదు. అందుకని చారలు బాగా దగ్గరగా ఉండే పేర్, బాక్స్‌వుడ్ లాంటి కర్రలు తెచ్చి, వాటికి ఓక్ రంగు పట్టిస్తారు. పాలిష్ కూడా అంతే. మామూలు బీరువాకు వేసినంత మందంగా వేస్తే చెక్కిన అంచులన్నీ పూడిపోతాయి. పల్చగా వెయ్యాలి, ఆరాక రుద్దాలి, మళ్లీ వెయ్యాలి. సొరుగు బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. మూలల్లో పళ్లు ఒకదానిలో ఒకటి దూరి కూర్చున్నాయి, మేకన్నది లేదు. సొరుగు వెనక్కి తోస్తే ఎక్కడా పట్టెయ్యకుండా లోపలికి జారింది. ఆ సొరుగులో ఎవరూ ఏమీ పెట్టరు, చాలామంది దాన్ని తెరవను కూడా తెరవరు. అయినా అంత పని చేశాడు. అలాంటి మనిషిని చూడ్డానికి ఎంత దూరమైనా వెళ్లొచ్చని నాకనిపించింది.

ఆ తర్వాత చూసిన కుండల బల్ల దగ్గర కూడా అదే సూత్రం ఇంకో రూపంలో కనిపించింది. చిన్న సారె మీద నిజంగానే తిప్పి చేసిన కూజాలు, అంగుళం ఎత్తు. పింగాణీ మట్టి కాల్చినప్పుడు బాగా కుంచించుకుపోతుంది, పదో వంతుకు పైగానే. ఆ లెక్క వేసుకుని ముందే కొంచెం పెద్దది చెయ్యాలి. పెద్ద కూజా మీద అందంగా కనిపించే గ్లేజు (కాల్చాక గాజులా మెరిసే పూత) మందం ఇక్కడ ముక్కును మూసేస్తుంది, పిడి దగ్గర ముద్దకడుతుంది. అందుకని గ్లేజును బాగా పల్చగా కలిపి వేస్తానని చెప్పిందావిడ. వేళ్లు లోపలికి పట్టవు కాబట్టి పళ్ల డాక్టర్లు వాడే పనిముట్లు, సూదులు వాడుతుంది. కొలిమిలో పెట్టినవాటిలో ఎన్ని పోతాయని అడిగితే పోయినవాటిని కూడా ఒక డబ్బాలో తెచ్చి చూపించింది. పిడి ఊడినవి, ఒక పక్కకు ఒరిగినవి. దాచకుండా వాటినీ చూపించినందుకు ఆవిడ మీద గౌరవం పెరిగింది, ఒక కూజా ఆవిడ దగ్గరే కొన్నాను.

పిన్ని మాత్రం తివాచీల బల్ల వదిలిపెట్టి రాలేదు. పిన్ని చిన్నప్పటి నుంచీ ఎంబ్రాయిడరీ చేస్తుంది, ఏ కుట్టైనా చేతిలోకి తీసుకుంటే గాని ఊరుకోదు. ఇవి పట్టుదారంతో నేసిన జల్లెడ లాంటి గుడ్డ మీద కుట్టినవి. ఆ గుడ్డలో అంగుళానికి 40 కన్నాలుంటాయి. ఒక్కో కన్నానికి ఒక్కో కుట్టు చొప్పున చదరపు అంగుళానికి 1,600 కుట్లు. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉన్న తివాచీ అంటే 38,400 కుట్లు. లెక్క కాగితం మీద వేసి చూసుకున్నాక పిన్ని కాసేపు మాట్లాడలేదు.

"అమ్మడూ, వెనకవైపు చూడనిస్తారేమో అడగవే" అంది తర్వాత.

"చేత్తో తాకొచ్చో లేదో ముందు అడుగుతానుండు పిన్నీ" అన్నాను.

అడిగితే ఆవిడ సంతోషంగా తివాచీ తిరగేసి భూతద్దంతో సహా చేతికిచ్చింది. వెనకవైపు ముడి అన్నది లేదు. దారం కొసలు కుట్ల కిందికి దోపి ఉన్నాయి. ముడి వేస్తే అక్కడ తివాచీ ఎత్తుగా లేస్తుంది, బొమ్మరింట్లో ఆ కాస్త ఎత్తే పెద్ద గడ్డలా తెలుస్తుంది. పిన్నికి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడకు తెలుగు రాదు. ఇద్దరూ వేళ్లతో చూపించుకుంటూ అరగంట పైనే మాట్లాడుకున్నారు. నేను మధ్యలో అవసరమైన ఒకటి రెండు మాటలు అందించానంతే. కంటికి శ్రమ కాబట్టి ఏకబిగిన ఎక్కువసేపు కుట్టకూడదని, మధ్యమధ్య లేచి దూరంగా ఉన్నదాన్ని చూడాలని ఆవిడ చెప్పింది. పిన్ని ఇప్పుడు ఇంట్లో అదే పాటిస్తోంది.

తినే వస్తువుల బల్లల దగ్గర జనం ఎప్పుడూ మూగి ఉంటారు. రొట్టెలు, చేపలు, కోసిన నిమ్మకాయలు, సగం తిన్న కేకు, అన్నీ పాలిమర్ క్లేతో చేసి ఓవెన్‌లో గట్టిపరిచినవే. నిమ్మకాయ ముక్క ఎలా చేస్తారో తెలిశాక నాకు ఆశ్చర్యం రెట్టింపైంది. తొనలు, మధ్య తెల్ల గీతలు, పైన తొక్క, అన్నీ చేతికి అందేంత లావు దిమ్మలో రంగురంగుల మట్టితో పేరుస్తారు. తర్వాత ఆ దిమ్మను నొక్కుతూ, సాగదీస్తూ అగ్గిపుల్లంత సన్నగా చేస్తారు. లోపలి బొమ్మ చెదరకుండా దానితోపాటే సన్నబడుతుంది. అప్పుడు బ్లేడుతో కోస్తే ఒక్కో బిళ్ల ఒక్కో నిమ్మ ముక్క. రొట్టె పైన గరుకు కోసం టూత్‌బ్రష్‌తో అద్దుతారు, కాలిన రంగు కోసం సుద్దరంగులు పొడి చేసి కుంచెతో పూస్తారు. వీటిలో మంచీ చెడ్డా తేల్చేది మెరుపు. తడి ఉండాల్సిన చేప మెరవాలి, రొట్టె మెరవకూడదు. అన్నింటికీ ఒకే వార్నిష్ పూసిన బల్లలు కూడా కనిపించాయి. వాటి దగ్గర ఆగలేదు.

మైనం పట్టించిన నారదారంతో అల్లిన బుట్టలు, ఊది చేసిన గాజు సీసాలు, ముడిచి తెరవగలిగిన గొడుగులు ఉన్నాయి. కిటికీ తెరల గురించి ఒక్క మాట. గుడ్డను చిన్నగా కోసినంత మాత్రాన దాని బిరుసు తగ్గదు, బరువు మాత్రం తగ్గిపోతుంది. అందుకే చిన్న తెర కిందికి వాలకుండా గాలిలో నిలబడుతుంది. పల్చటి పట్టుగుడ్డను మడతలు మడతలుగా గుండుసూదులతో అట్టకు గుచ్చి, ఆవిరి పట్టి, గంజి లాంటిది పెట్టి ఆరనిచ్చాకే అది తెరలా వేలాడుతుంది.

సంతలో ఉన్నవన్నీ చేత్తో చేసినవి కావు, అది తెలుసుకుని వెళ్లాలి. ఈ రంగంలో లేజర్‌తో కోసిన చెక్కలు, త్రీడీ ప్రింటర్‌లో తీసినవి, అచ్చుల్లో పోసిన రెజిన్ సామాను కూడా బాగా వాడుకలో ఉన్నాయి. నాకు వాటి మీద కోపం లేదు. లేజర్‌తో కోసిన కిటికీ చట్రం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎంతో సాయం. కానీ చేత్తో చేసినదానికి ఇచ్చే ధర దానికి ఇవ్వకూడదు. నేనైతే "ఇందులో మీరు చేత్తో చేసింది ఏ భాగం?" అని మర్యాదగా అడిగాను. నిజంగా చేసినవాళ్లు ఆ ప్రశ్నకు వెంటనే ఉత్సాహంగా జవాబిస్తారు, పనిముట్లు తీసి చూపిస్తారు. వస్తువు అడుగున సంతకమో గుర్తో ఉందేమో చూడండి. ఇంటర్నేషనల్ గిల్డ్ ఆఫ్ మినియేచర్ ఆర్టిజన్స్ అనే సంస్థ పని చూసి ఆర్టిజన్, ఫెలో అనే హోదాలిస్తుంది. బల్ల మీద ఆ మాటలు కనిపిస్తే పనితనం పరీక్షకు నిలిచిందని అర్థం. అవి లేనివాళ్లలోనూ గొప్పవాళ్లున్నారు, మేం చూసిన బుట్టలావిడకు ఏ హోదా ఉన్నట్టు లేదు.

ధరల గురించి చెప్పాలంటే, పెన్నీల్లో మొదలై వందల పౌండ్ల దాకా ఉంటాయి. బేరం ఆడొద్దు. 38,400 కుట్ల తివాచీ ధర విన్నప్పుడు ఎక్కువనిపించవచ్చు గాని, గంటల లెక్కన విడగొట్టి చూస్తే ఆ మనిషికి మిగిలేది ఎంత తక్కువో అర్థమవుతుంది. కార్డులు దాదాపు అందరూ తీసుకున్నారు, చిన్న మొత్తాలకు చిల్లర నగదు దగ్గర పెట్టుకుంటే అందరికీ సులువు. ఫొటో తీసేముందు అడగండి. కొందరు ఒప్పుకోరు, వాళ్ల నమూనాలను ఇంకొకళ్లు కాపీ కొడతారన్న భయం న్యాయమైనదే. మొదటి గంటలో జనం ఎక్కువ, మధ్యాహ్నం తర్వాత తీరిగ్గా మాట్లాడొచ్చు. అయితే ఒకే ఒక్కటి చేసి తెచ్చిన వస్తువులు పొద్దున్నే అమ్ముడైపోతాయి. కొనాలనుకునేవాళ్లు పొద్దున, నేర్చుకోవాలనుకునేవాళ్లు మధ్యాహ్నం వెళ్లడం మేలు. మేం రోజంతా ఉన్నాం, మధ్యలో నడిచివెళ్లి కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. తేదీలు నిర్వాహకులు ముందే ప్రకటిస్తారు. విమానం టికెట్ల కంటే ముందు అవి చూసుకోండి.

సంత జరిగేది కెన్సింగ్టన్ టౌన్ హాల్‌లో, హార్న్‌టన్ స్ట్రీట్ మీద ఉన్న ఎర్ర ఇటుకల భవనం. హై స్ట్రీట్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడక. చుట్టుపక్కల హోటళ్లు మా బడ్జెట్‌కు అందలేదు, అందుకని ఒక స్టేషన్ అవతల ఎర్ల్స్ కోర్ట్‌లో దిగాం. ఆ నిర్ణయం బాగా పనికొచ్చింది. హీత్రో విమానాశ్రయం నుంచి మెట్రో పికడిలీ లైన్‌లో మారకుండా నేరుగా రావచ్చు, స్టేషన్‌లో లిఫ్టులున్నాయి, పెట్టెలతో ఇబ్బంది లేదు. బస మాత్రం మొదట్లో టెన్షన్ పెట్టింది. పాతకాలపు ఇంటిని గదులుగా మార్చిన గెస్ట్‌హౌస్ అది. లిఫ్టు ఉందని బుకింగ్‌లో రాశారు, తీరా వెళ్తే మూడో అంతస్తుకు ఇరుకు మెట్లు. పిన్నికి మోకాళ్ల నొప్పులు. గట్టిగా అడిగితే మర్నాటికి కింది గది ఇచ్చారు. ఆ గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, కెటిల్, ఫ్రిజ్ ఉన్నాయి. మోకాళ్ల సమస్య ఉన్నవాళ్లు లిఫ్టు ఉందా, ఉంటే ఏ అంతస్తు దాకా వెళ్తుంది అని ఈమెయిల్‌లో రాయించుకుని మరీ బుక్ చెయ్యండి. ఊళ్లో తిరగడానికి విడిగా ట్రావెల్ కార్డు కొనక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డుతో లోపలికీ బయటికీ తాకిస్తే చాలు, రోజుకు ఒక పరిమితి దాటి డబ్బు కట్ కాదు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి, రోజంతా అదే కార్డు వాడాలి.

సంత అయ్యాక, లండన్ బయట ఉన్న రాజకుటుంబపు విండ్సర్ కోట చూశాం. బ్రిటన్ రాజు ఐదో జార్జి భార్య మేరీ రాణి కోసం చేసిన బొమ్మరిల్లు, క్వీన్ మేరీ డాల్స్ హౌస్, అక్కడే ఉంది. దీన్ని రూపొందించింది ఎడ్విన్ లట్యెన్స్, మన రాష్ట్రపతి భవన్ కట్టించిన ఆర్కిటెక్టే. ఢిల్లీలో ఆ పెద్ద భవనం లేస్తున్న కాలంలోనే, 1921 నుంచి 1924 దాకా, ఇక్కడ ఈ పన్నెండో వంతు ఇల్లు తయారైంది. 1,500 మందికి పైగా కళాకారులు, పనివాళ్లు, సంస్థలు కలిసి చేశారు. కుళాయిల్లో నీళ్లొచ్చేలా గొట్టాలు వేశారు, కరెంటు దీపాలు పెట్టారు, లిఫ్టులు నడిచేలా బిగించారు. కింద నేలమాళిగలో చిటికెనవేలంత సీసాల్లో నిజమైన వైన్ ఉంది. లైబ్రరీలో ఆ కాలపు రచయితలు స్వదస్తూరితో రాసిచ్చిన బుల్లి పుస్తకాలున్నాయి. తోటను ఆ కాలపు పేరున్న తోటల రూపకర్త గెర్ట్రూడ్ జీకిల్ రూపొందించింది, దాన్ని ఇంటి కింద సొరుగులో పెట్టి లాగేలా అమర్చారు. 1924లో లండన్‌లోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ఎగ్జిబిషన్‌లో పెడితే 16 లక్షల మందికి పైగా చూశారట.

అంత గొప్ప ఇల్లు అద్దాల వెనక ఉంది. వెనక నుంచి వరుస కదులుతూనే ఉంటుంది కాబట్టి ఒక్కో వైపు కాసేపే నిలబడగలం. సంత చూశాక వెళ్లడం వల్లే నాకు అది పూర్తిగా అందింది. పింగాణీ పళ్లాల మీద గ్లేజు ఎంత పల్చగా ఉందో, తెరలు ఎలా వాలాయో, కుర్చీల కర్రలో చారలు ఎంత దగ్గరగా ఉన్నాయో వెతుక్కుంటూ చూశాను. ఏం చూడాలో సంతలో వాళ్లు నేర్పి పంపించారు. వరస తిప్పి ముందు విండ్సర్ వెళ్లుంటే, "అబ్బ, ఎంత చిన్నగా ఉన్నాయో" అనుకుని వచ్చేసేదాన్నే.

వెళ్లడం సులువే. వాటర్లూ నుంచి నేరుగా విండ్సర్ అండ్ ఈటన్ రివర్‌సైడ్‌కు రైలుంది, గంట ప్రయాణం. పాడింగ్టన్ నుంచైతే స్లౌలో మారాలి. కోట మంగళ, బుధవారాల్లో మూసి ఉంటుంది, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే అప్పటికప్పుడు కొన్నదానికంటే తక్కువ పడుతుంది. లోపల నడక, ఎత్తు ఎక్కడం ఉన్నాయి. బొమ్మరిల్లే ముఖ్యమైతే ముందు నేరుగా అక్కడికి వెళ్లి, మిగతా కోట తర్వాత చూడండి.

తిరుగు ప్రయాణానికి ముందు మిగిలిన పూట బెత్నల్ గ్రీన్‌లోని యంగ్ వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్లది) మ్యూజియంకు పెట్టాం. సెంట్రల్ లైన్‌లో వెళ్లాలి, ప్రవేశం ఉచితం. 2023లో మళ్లీ తెరిచాక ఇది పూర్తిగా పిల్లలదైంది, పిల్లలతో వెళ్లేవాళ్లకు మొదట ఇదే చెబుతాను. పాత బొమ్మరిళ్లతో పాటు శిల్పి రేచల్ వైట్‌రీడ్ చేసిన ప్లేస్ (విలేజ్) అక్కడ ఉంది. ఏళ్ల తరబడి సేకరించిన 150 వరకూ పాత బొమ్మరిళ్లను కొండ వాలు మీద ఊరిలా పేర్చి, లోపల దీపాలు పెట్టింది. ఇళ్లలో సామాను లేదు, మనుషుల్లేరు. పిన్నికి అది నచ్చలేదు. "ఇంత ఊరు కట్టి ఒక్క పొయ్యి కూడా పెట్టలేదేమే, చిన్నప్పుడు మాకు లక్కపిడతలైనా ఉండేవి" అంది. నాకు బాగా నచ్చింది. ఇంట్లో ఏమీ లేకపోతే కిటికీలు, మెట్లు, గోడ కాగితాల మీదికి చూపు వెళ్తుంది. ఆ ఇళ్లను ఎవరు కట్టారో, ఏ పిల్ల కోసం కట్టారో అని ఆలోచించుకుంటూ చుట్టూ నడిచాను.

మూడింటికీ టైము లేకపోతే సంత ఒక్కటి చాలు. సంత లేని రోజుల్లో వెళ్తే విండ్సర్. పిల్లలుంటే, ఖర్చు తగ్గాలనుకుంటే బెత్నల్ గ్రీన్.

కొన్నవి ఇంటికి చేర్చడం గురించి కూడా చెప్పాలి. పర్యాటకులకు దుకాణాల్లో వ్యాట్ వెనక్కిచ్చే పద్ధతి గ్రేట్ బ్రిటన్‌లో 2020తో ఆగిపోయింది, కాబట్టి ఆ ఆశతో లెక్క వేసుకోవద్దు. రసీదు మాత్రం ప్రతి బల్ల దగ్గరా రాయించుకోండి. మట్టి సామాను, గాజు, కర్ర వస్తువులు చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, కింద లగేజీలో వేస్తే కుర్చీ కాళ్లు దక్కవు. ప్లాస్టిక్ డబ్బాలో టిష్యూ కాగితం వదులుగా పరిచి, ఒక్కో వస్తువును విడిగా చుట్టి పెట్టాం. బిగించి చుడితే కాగితం ఒత్తిడికే సన్నని పిడులు విరుగుతాయని కుండలావిడ ముందే చెప్పింది. పిన్ని అక్కడ కొనుక్కున్న సన్న కత్తి, దాని బ్లేడ్లు మాత్రం పెద్ద పెట్టెలో వేశాం, అవి చేతి సంచిలో రానివ్వరు. హీత్రోలో స్కానర్ దగ్గర డబ్బా తెరిచి చూపించమన్నారు. మూత నేనే తీస్తానని చెప్పాను, సరేనన్నారు. కూజా, తివాచీ, నిమ్మ ముక్కలతో సహా అన్నీ చెక్కుచెదరకుండా ఇంటికొచ్చాయి.